ఎవరి ఖాతాలో అన్నది కాదు, ఏ తేదీన అన్నదే అసలు ప్రశ్న

(ఉపయోగం: జీఎస్ పేపర్-2లో పాలన, సామాజిక న్యాయం, గ్రూప్-1 జనరల్ ఎస్సే)

2024 జూన్ 24, సాయంత్రం 5 గంటలు. ధన్‌బాద్ ఐఐటీలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ సీటు వచ్చిన ఒక దళిత విద్యార్థి రూ.17,500 కట్టడానికి ఉన్న గడువు అది. ఉత్తరప్రదేశ్‌లోని ఒక పల్లెలో తండ్రి దినసరి కూలీ. అక్కడా ఇక్కడా అడిగి డబ్బు పోగుచేసేసరికి ఆలస్యమైంది. పోర్టల్ మూతపడింది. సీటు పోయింది. ఆ కుటుంబం సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. సెప్టెంబరు 30న కోర్టు అధికరణ 142 కింద తనకున్న విశేషాధికారాన్ని వాడి ఆ అబ్బాయికి సీటు ఇప్పించింది.

మనమంతా ఈ కేసును నోట్స్‌లో 'అధికరణ 142' కింద రాసుకున్నాం. నేను దాన్ని 'విద్యార్థి సహాయ పథకాలు' కింద కూడా రాసుకున్నాను. ఎందుకంటే ఆ కేసు చెప్పేది ఒక్కటే. పేద విద్యార్థికి వ్యవస్థ పెట్టే గడువు నిమిషాల లెక్కన ఉంటుంది. అదే విద్యార్థికి ప్రభుత్వం ఇవ్వాల్సిన డబ్బుకు మాత్రం గడువే ఉండదు. ఏడాది ఆలస్యమైనా 'ప్రాసెస్‌లో ఉంది' అంటారు. రెండేళ్లయినా అదే మాట.

ఉపకార వేతనాల సంస్కరణ గురించి రాయమంటే మనం అలవాటుగా మూడు మాటలు రాస్తాం: డిజిటలీకరణ, ఆధార్ అనుసంధానం, నగదు బదిలీ. ఈ మూడూ వచ్చి పదేళ్లు దాటింది. 2013 జనవరి 1న ప్రత్యక్ష నగదు బదిలీ మొదలైనప్పుడు తొలి పథకాల్లోనే ఉపకార వేతనాలు ఉన్నాయి. మన దగ్గర ఈపాస్ అంతకంటే ముందు నుంచే నడుస్తోంది. అయినా 2025 సెప్టెంబరులో, మళ్లీ నవంబరులో, తెలంగాణలో ప్రైవేటు కళాశాలలు ఫీజు బకాయిల కోసం బంద్‌కు దిగాయి. విడతలుగా చెల్లిస్తామన్న హామీ వచ్చాక విరమించాయి. సాంకేతికత లేక వచ్చిన ఇబ్బంది కాదది. మరి సమస్య ఎక్కడుంది? నా అభిప్రాయం ఇది: ఆలస్యానికి ఖర్చు ఉంటుంది, కానీ దాన్ని భరించేది ఆలస్యం చేసినవారు కాదు. ఈ ఒక్క విషయం మారకుండా పోర్టళ్లు ఎన్ని మారినా ఫలితం ఇంతే.

డబ్బు ఎక్కడ ఆగుతుంది?

ముందు దారి చూద్దాం. తెలంగాణలో ఒక బీటెక్ విద్యార్థి ఈపాస్‌లో దరఖాస్తు చేస్తాడు. మీసేవ నుంచి తెచ్చిన ఆదాయ ధ్రువపత్రం, కుల ధ్రువపత్రం జతచేస్తాడు. కళాశాలలో వేలిముద్ర వేస్తాడు. కళాశాల ఆ దరఖాస్తును పైకి పంపుతుంది. జిల్లా సంక్షేమ అధికారి పరిశీలించి మంజూరు చేస్తారు. బిల్లు ట్రెజరీకి వెళ్తుంది. అక్కడ టోకెన్ నంబరు పడుతుంది. ఆ తర్వాత ఆర్థిక శాఖ నిధులు విడుదల చేయాలి.

ఈ మెట్లలో విద్యార్థి ఎక్కే మెట్లన్నిటికీ చివరి తేదీ ఉంది. దరఖాస్తుకు ఉంది, రెన్యువల్‌కు ఉంది, వేలిముద్రకు ఉంది. హాజరు 75 శాతం తగ్గకూడదన్న షరతూ ఉంది. టోకెన్ పడిన తర్వాతి మెట్టుకు మాత్రం తేదీ లేదు. అందుకే 'టోకెన్లు జారీ అయ్యాయి, నిధులు రాలేదు' అనే వాక్యం ఏటా పత్రికల్లో కనిపిస్తుంది. కాగితం మీద అది మంజూరైన డబ్బు. విద్యార్థి చేతిలో మాత్రం ఏమీ లేదు.

కేంద్ర పథకాలదీ వేరే చరిత్రేమీ కాదు. ఎస్సీ విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ ఉపకార వేతనం 1944లో మొదలైంది. దేశంలో ఇప్పటికీ నడుస్తున్న పాత సంక్షేమ పథకాల్లో అదొకటి. అందులో చాలాకాలం 'కమిటెడ్ లయబిలిటీ' అనే పద్ధతి ఉండేది. ఒక ప్రణాళికా కాలం చివరి ఏడాదిలో అయిన ఖర్చంతా తర్వాతి కాలంలో రాష్ట్రం ఏటా భరించాలి. దానికి పైన అయ్యేదే కేంద్రం ఇస్తుంది. 12వ ప్రణాళిక 2017 మార్చితో ముగిసేసరికి రాష్ట్రాల మీద పడిన బరువు బాగా పెరిగింది. కేంద్ర సాయం 2017-18 నుంచి 2019-20 వరకు ఏడాదికి సగటున రూ.1,100 కోట్ల దగ్గరే ఉండిపోయింది. పంజాబ్ వంటి చోట్ల కళాశాలలకు, విద్యార్థులకు మధ్య గొడవలు ముదిరాయి.

2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం దీన్ని మార్చింది. కేంద్రం, రాష్ట్రం 60:40 నిష్పత్తిలో భరిస్తాయి. ఈశాన్య రాష్ట్రాలకు 90:10. ఐదేళ్లకు మొత్తం రూ.59,048 కోట్లు, అందులో కేంద్రం వాటా రూ.35,534 కోట్లు. నాలుగు కోట్ల మందికి పైగా లబ్ధి లక్ష్యం. ఇది పెద్ద సంస్కరణే. ఎవరెంత ఇవ్వాలన్నది తేల్చింది. అయితే రాష్ట్రం తన 40 శాతం వేశాకే కేంద్రం 60 శాతం విద్యార్థి ఖాతాకు వెళ్తుంది. అంటే రాష్ట్ర ఖజానాకు ఇబ్బంది వస్తే కేంద్రం డబ్బూ ఆగుతుంది. వాటా తేలింది గానీ, వాటా వేయకపోతే ఏమవుతుందో తేలలేదు.

ఖాతాల చుట్టూ తిరిగిన చర్చ

తెలుగు రాష్ట్రాల్లో ఈ విషయంపై జరిగిన రాజకీయ చర్చంతా దాదాపు ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది: డబ్బు ఎవరి ఖాతాలో వేయాలి?

ఆంధ్రప్రదేశ్ అనుభవం చూడండి. అంతకుముందు ఫీజు నేరుగా కళాశాలలకు వెళ్లేది. జగనన్న విద్యా దీవెన వచ్చాక ప్రతి త్రైమాసికానికి తల్లి ఖాతాలో వేయడం మొదలుపెట్టారు. ఫీజు కట్టేది తల్లే అయితే కళాశాలను నిలదీసే హక్కు ఆమెకు వస్తుందన్నది వాదన. అందులో న్యాయం ఉంది. కళాశాలలు మాత్రం తల్లులకు అందిన డబ్బు తమకు చేరడం లేదని కోర్టుకెక్కాయి. 2021 సెప్టెంబరులో హైకోర్టు ఆ ఉత్తర్వులను కొట్టివేసింది. ఆ తర్వాత తల్లి, విద్యార్థి కలిసి తెరిచే జాయింట్ ఖాతా వచ్చింది. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ కళాశాల ఖాతాకే అన్నారు. ఐదారేళ్లలో ఖాతా మూడుసార్లు మారింది. ఏ ఖాతా ఉన్న కాలంలోనైనా బకాయి మాత్రం ఉంది.

నిజానికి ఈ ప్రశ్నకు జవాబు అంత కష్టం కాదు. విద్యార్థికి వచ్చేది ఒకే డబ్బు కాదు, రెండు రకాల డబ్బు. ఒకటి బోధన ఫీజు, అది కళాశాలకు చెందేది. రెండోది మెయింటెనెన్స్, అంటే తిండి, గది అద్దె, పుస్తకాలు, బస్సు చార్జీలు. అది విద్యార్థిది. మొదటిది సెమిస్టరుకు ఒకసారి కళాశాలకు, రెండోది నెలనెలా విద్యార్థికి ఇస్తే ఖాతాల గొడవ చాలావరకు తీరుతుంది. ఇప్పుడు రెండింటినీ ఒకే ఫైల్లో, ఒకే వరుసలో నడిపిస్తున్నాం. పోస్ట్ మెట్రిక్ పథకంలో మొదటి గ్రూపు కోర్సు చదివే హాస్టల్ విద్యార్థికి ఏడాదికి రూ.13,500, ఇంటి నుంచి వెళ్లే విద్యార్థికి రూ.7,000 అకడమిక్ అలవెన్సు ఉంది. ఆ రూ.7,000 జూలైలో వస్తే బస్ పాసు, పుస్తకాలు. మరుసటి ఏడాది మేలో వస్తే అప్పు తీర్చడానికి మాత్రమే పనికొస్తుంది. అంకె మారలేదు, విలువ మారింది.

ఇక్కడ అంబేడ్కర్ జీవితం గుర్తు చేసుకోవాలి. 1913లో బరోడా సంస్థానం ఆయన్ను కొలంబియా విశ్వవిద్యాలయానికి పంపినప్పుడు ఇచ్చింది నెలకు 11.50 పౌండ్లు, మూడేళ్లపాటు. నెలనెలా. తర్వాత లండన్‌లో చదువుతుండగా 1917లో ఆ ఉపకార వేతనం గడువు ముగిసింది. చదువు మధ్యలో ఆపి తిరిగి రావాల్సి వచ్చింది. మళ్లీ లండన్ వెళ్లి చదువు అందుకున్నది 1920లో. అంతటి మేధావికి కూడా డబ్బు ఆగితే మూడేళ్లు పోయాయి. అందరూ మళ్లీ వెళ్లగలిగినవాళ్లు కారు.

ఆలస్యం ఖర్చు ఎవరిది?

ఇది నా సొంత అనుభవం కూడా కాబట్టి ఒక్క పేరా రాస్తాను. నా బీటెక్ చివరి రెండేళ్ల ఫీజు ప్రభుత్వం నుంచి రాలేదు. కోర్సు అయిపోయింది, ప్రొవిజనల్ కావాలి, టీసీ కావాలి. 'గవర్నమెంట్ డబ్బులు వచ్చాక తీసుకెళ్లు, లేదంటే నువ్వు కట్టి తీసుకెళ్లు, వాళ్లు వేశాక నీకు తిరిగిస్తాం' అన్నారు ఆఫీసులో. నాకు ఒక ఉద్యోగానికి సర్టిఫికెట్ల పరిశీలన పదకొండు రోజుల్లో ఉంది. నాన్న రూ.70,000 రెండు రూపాయల వడ్డీకి తెచ్చారు. అంటే నెలకు రూ.1,400. ప్రభుత్వం డబ్బు వేసి, కళాశాల నాకు తిరిగిచ్చేసరికి పదిహేడు నెలలు పట్టింది. వడ్డీ రూ.23,800 అయింది. ఆ ఉద్యోగం రాలేదు, అది వేరే విషయం. ప్రభుత్వ లెక్కల్లో నా ఫైలు 'పూర్తి చెల్లింపు' కింద ఉంటుంది. ఆ రూ.23,800 ఏ లెక్కలోనూ లేదు.

కళాశాలను తిట్టుకోవడం తేలిక. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపడం తప్పే. విద్యాసంస్థలు ఒరిజినల్స్ తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. కానీ ఆ కళాశాలలో మా సార్లకు నాలుగు నెలలుగా జీతాలు లేవన్నదీ నిజమే. ప్రభుత్వం కళాశాలకు బాకీ పడింది. కళాశాల ఆ బాకీని కొంత అధ్యాపకుల మీదకు, కొంత విద్యార్థి మీదకు నెట్టింది. విద్యార్థి తండ్రి వడ్డీ వ్యాపారి దగ్గరకు వెళ్లాడు. ఈ గొలుసులో అతి తక్కువ వడ్డీకి అప్పు తేగలిగింది ప్రభుత్వం. అతి ఎక్కువ వడ్డీకి తెచ్చేది కూలీ కుటుంబం. భారం మాత్రం పైనుంచి కిందికి దిగుతుంది.

2021-22 ఉన్నత విద్యా సర్వే ప్రకారం దేశంలో స్థూల నమోదు నిష్పత్తి 28.4. ఎస్సీల్లో 25.9, ఎస్టీల్లో 21.2. 2035 నాటికి 50కి చేరాలని జాతీయ విద్యా విధానం లక్ష్యం. కొత్తగా రావాల్సినవాళ్లలో ఎక్కువమంది ఏ ఇళ్ల నుంచి వస్తారో వేరే చెప్పనక్కరలేదు. ఆ ఇళ్లలో తమ్ముడిని ఇంజినీరింగ్‌లో చేర్చాలా వద్దా అన్నది అక్క సర్టిఫికెట్ల కోసం ఎంత తిరిగిందో చూసి నిర్ణయిస్తారు. అధికరణ 46 బలహీన వర్గాల విద్యా ప్రయోజనాలను 'ప్రత్యేక శ్రద్ధతో' కాపాడమంటుంది. శ్రద్ధ అన్నది తేదీల్లో కనిపించాలి.

ఆలస్యానికి వెల కట్టడం ప్రభుత్వానికి తెలియనిదా?

తెలుసు. మూడు చట్టాలు చూడండి.

మనకు రావాల్సిన ఆదాయపు పన్ను రీఫండు ఆలస్యమైతే ప్రభుత్వం నెలకు అర శాతం వడ్డీ కలిపి ఇస్తుంది. అడగనక్కరలేదు.

చిన్న పరిశ్రమ సరుకు అమ్మితే కొన్నవారు 45 రోజుల్లోపు చెల్లించాలి. దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ. 2006 నాటి ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం చెప్పిన మాట ఇది.

ఉపాధి హామీ కూలీకి 15 రోజుల్లో వేతనం రాకపోతే రోజుకు 0.05 శాతం పరిహారం. 2005 నాటి ఉపాధి హామీ చట్టం కింద పెట్టుకున్న నియమం ఇది.

పన్ను కట్టేవాడు, సరుకు అమ్మేవాడు, కూలికి వెళ్లేవాడు. ముగ్గురి విషయంలోనూ 'ఆలస్యం చేస్తే నష్టం మాదే' అని రాజ్యం రాసుకుంది. విద్యార్థి విషయంలో రాసుకోలేదు. ఎందుకు? ఉపకార వేతనాన్ని ఇప్పటికీ దయగా చూస్తున్నాం కాబట్టి. దయ ఎప్పుడొచ్చినా పుచ్చుకోవాలి. బాకీ అయితే తేదీ ఉంటుంది. మంజూరు ఉత్తర్వు వచ్చిన క్షణం నుంచి అది బాకీయే.

ఉపాధి హామీ పాఠం ఇంకొకటి కూడా నేర్పుతుంది. అక్కడ కేంద్రం ఆలస్యాన్ని చెల్లింపు ఆదేశం తయారయ్యే వరకే లెక్కించింది. ఆ తర్వాత డబ్బు ఖాతాలో పడే వరకు జరిగే జాప్యాన్ని వదిలేసింది. స్వరాజ్ అభియాన్ కేసులో 2018లో సుప్రీంకోర్టు దీన్ని తప్పుపట్టింది. కాబట్టి విద్యార్థి విషయంలో గడియారం ఆగాల్సింది టోకెన్ పడినప్పుడు కాదు, ఖాతాలో డబ్బు పడినప్పుడు.

'తనిఖీ లేకపోతే దోచుకుంటారు కదా?'

ఇది బలమైన అభ్యంతరం. పక్కకు నెట్టేది కాదు. హిమాచల్ ప్రదేశ్‌లో రూ.250 కోట్లకు పైబడిన ఉపకార వేతనాల కుంభకోణంపై 2019లో సీబీఐ కేసు పెట్టింది. మైనారిటీ ఉపకార వేతనాల్లో 1,572 సంస్థలను పరిశీలిస్తే 830 బోగస్ లేదా పనిచేయనివని తేలింది. రూ.144.83 కోట్ల నష్టమని అంచనా వేసి 2023లో ఆ మంత్రిత్వ శాఖ కేసును సీబీఐకి అప్పగించింది.

ఈ రెండు ఉదంతాల్లో మోసం ఏ స్థాయిలో జరిగింది? సంస్థల స్థాయిలో. లేని కళాశాల, లేని విద్యార్థుల పేర్లు, కళ్లుమూసుకున్న నోడల్ అధికారి, ప్రశ్నించని బ్యాంకు శాఖ. మన తనిఖీ మాత్రం ఎవరి మీద సాగుతోంది? ఏటా ఆదాయ ధ్రువపత్రం తెచ్చే విద్యార్థి మీద. ఉన్న విద్యార్థిని నాలుగేళ్లలో నాలుగుసార్లు తనిఖీ చేసి, లేని కళాశాలను ఒక్కసారి కూడా చూడని పద్ధతి ఇది. తనిఖీ తగ్గించమని కాదు నేననేది. సరైన చోటికి మార్చమని. సంస్థను ఏటా వెళ్లి చూడాలి, విద్యార్థి అర్హతను చేరేటప్పుడు ఒక్కసారి గట్టిగా చూడాలి.

ఆలస్యం మోసాన్ని ఆపదన్నది కూడా గమనించాలి. లేని విద్యార్థి ఎదురుచూడగలడు, అతనికి మెస్ బిల్లు లేదు. ఎదురుచూడలేక మానేసేది నిజమైన విద్యార్థే.

'ఖజానాలో డబ్బు లేకపోతే?'

రెండో అభ్యంతరం ఇది. రాష్ట్రాల ఆర్థిక పరిస్థితి మనకు తెలియనిది కాదు. అయితే బకాయి పెట్టడం పొదుపు కాదు. అది కళాశాలల దగ్గర, విద్యార్థుల దగ్గర చేసిన అప్పు. బడ్జెట్ పత్రాల్లో కనిపించని అప్పు. అప్పు తీసుకునేవాడు ఇచ్చేవాడిని అడగకుండా తీసుకున్న అప్పు. వడ్డీ చెల్లించాల్సి వస్తేనే ఆ అప్పు లెక్కల్లోకి వస్తుంది. అప్పుడు ఆర్థిక శాఖకు ఒక ఎంపిక ఉంటుంది: బాండ్ల మీద ఏడెనిమిది శాతానికి తెచ్చి వేళకు ఇవ్వాలా, విద్యార్థికి అంతకంటే ఎక్కువ పరిహారం కట్టాలా అని. ఇప్పుడు ఆ ఎంపికే లేదు. ఆలస్యం ఉచితం కాబట్టి, వరుసలో అందరికంటే వెనక నిలబడేది విద్యార్థే.

మనకు దగ్గరి ఉదాహరణ ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2013లో ఎస్సీ ఉపప్రణాళిక, గిరిజన ఉపప్రణాళిక చట్టం తెచ్చింది. జనాభా నిష్పత్తిలో నిధులు కేటాయించాలని చట్టమే చెప్పింది. తెలంగాణ 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టంగా దాన్ని మార్చుకుంది. ఎంత కేటాయించాలన్నది చట్టంలోకి ఎక్కించగలిగినప్పుడు, ఎప్పటిలోగా ఇవ్వాలన్నదీ ఎక్కించవచ్చు.

ఇంకో విమర్శ ఉంది: ఫీజు రీయింబర్స్‌మెంట్ నాసిరకం కళాశాలలను పోషించిందని. కొంత నిజం. సీట్లు నింపుకోవడమే వ్యాపారంగా బతికిన కళాశాలలు చూశాం. కానీ ఆలస్యం ఆ కళాశాలలను ఏరివేయదు. అధ్యాపకులకు జీతాలు ఎగ్గొట్టగలిగిన యాజమాన్యం తట్టుకుంటుంది. జీతాలు వేళకు ఇవ్వాలనుకునే యాజమాన్యమే ముందు మునుగుతుంది. నాణ్యత కావాలంటే ఫీజుల నియంత్రణ సంఘం, అఫిలియేషన్ తనిఖీలు ఆ పని చేయాలి. బకాయితో ఆ పని జరగదు.

ఏం చేయాలి?

ఒకటి, చట్టబద్ధమైన తేదీలు. బోధన ఫీజు సెమిస్టరు మొదలైన 60 రోజుల్లో కళాశాలకు. మెయింటెనెన్స్ ప్రతి నెలా 10వ తేదీలోపు విద్యార్థి ఖాతాకు. కేంద్రం తన వాటాను రాష్ట్రం వేసేవరకు ఆపకుండా ఇవ్వాలి. రాష్ట్రం వాటా వేయకపోతే తర్వాత సర్దుబాటు చేసుకునే మార్గాలు కేంద్రానికి ఉన్నాయి, విద్యార్థికి లేవు.

రెండు, అర్హత కోర్సు మొత్తానికి ఒకేసారి. కులం మారదు. కూలీ కుటుంబం ఆదాయం ఏడాదిలో అంతగా మారదు. ఏటా కావాల్సింది హాజరు, పరీక్షల వివరాలు మాత్రమే. అవి విశ్వవిద్యాలయం దగ్గరే ఉన్నాయి, విద్యార్థిని తెమ్మననక్కరలేదు. ఆదాయ పరిమితిని కూడా చూడాలి. కేంద్ర పథకంలో రూ.2.5 లక్షలన్నది 2013 నాటి అంకె. తెలంగాణలో గ్రామీణ బీసీ విద్యార్థికి రూ.1.5 లక్షలే. ఈడబ్ల్యూఎస్‌కు రూ.8 లక్షలు. ఈ తేడాకు సమర్థన ఏమిటో ప్రభుత్వం చెప్పాలి.

మూడు, ఆలస్యానికి పరిహారం. కనీసం పన్ను రీఫండుకు ఇచ్చే నెలకు అర శాతం. అడగకుండానే, అసలుతో కలిపి. విద్యార్థి అప్పటికే సొంతంగా ఫీజు కట్టి ఉంటే అది అతనికే చెందాలి.

నాలుగు, విద్యార్థికి కవచం. ప్రభుత్వ బకాయి కారణంగా పరీక్ష రాయనివ్వకపోవడం, హాల్‌టికెట్, మెమో, టీసీ ఆపడం శిక్షార్హం కావాలి. ఎస్సీ పోస్ట్ మెట్రిక్ మార్గదర్శకాల్లో ముందస్తు ఫీజు లేకుండా చేరడానికి ఫ్రీషిప్ కార్డు ఉంది. ఆ ఆలోచన చేరడంతో ఆగకుండా పట్టా చేతికొచ్చే వరకు ఉండాలి. అదే సమయంలో కళాశాలకూ ఊపిరి కావాలి. చిన్న పరిశ్రమల బిల్లులను బ్యాంకులు ట్రెడ్స్ వేదిక మీద ముందే నగదుగా మారుస్తున్నట్టు, ట్రెజరీ టోకెన్‌ను చూపి కళాశాల బ్యాంకు నుంచి డబ్బు తీసుకోగలగాలి. వడ్డీ ప్రభుత్వానిది.

ఐదు, అందరికీ కనిపించే లెక్క. ఏ కళాశాలకు, ఏ బ్యాచ్‌కు, ఏ నెల నుంచి ఎంత రావాలో ప్రతి నెలా వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఉపాధి హామీలో సామాజిక తనిఖీని 2006 నుంచే గ్రామసభల దాకా తీసుకెళ్లి దేశానికి దారి చూపింది ఉమ్మడి ఆంధ్రప్రదేశే. అదే పద్ధతిలో కళాశాల ప్రాంగణంలో, విద్యార్థుల ముందు, జాబితా చదివి వినిపిస్తే బోగస్ పేర్లు అక్కడే బయటపడతాయి.

వీటిలో కొత్త పోర్టల్ లేదని గమనించారా? కావాలనే పెట్టలేదు. అమెరికా అనుభవం మన ముందుంది. అక్కడ విద్యార్థి సహాయానికి ఉండే ఫాఫ్సా దరఖాస్తును సులభం చేయాలని 2020 చివర్లో చట్టం చేశారు. ప్రశ్నలు బాగా తగ్గించారు. ఉద్దేశం మంచిది. కానీ మామూలుగా అక్టోబరులో తెరవాల్సిన దరఖాస్తు 2023 డిసెంబరు 30న గానీ తెరుచుకోలేదు. కళాశాలలకు వివరాలు చేరేసరికి 2024 మార్చి వచ్చింది. ఏ కళాశాలలో ఎంత సాయం వస్తుందో తెలియక పేద కుటుంబాల పిల్లలే ఎక్కువ నలిగారు. ఫారం సులభమైనా తేదీ తప్పితే సంస్కరణ ఎదురు తిరుగుతుంది. కాబట్టి మనం ఏది మార్చినా ముందు ఒకట్రెండు జిల్లాల్లో ఒక విద్యా సంవత్సరం నడిపి చూసి, పాత పద్ధతిని అప్పటిదాకా ఉంచి, ఆ తర్వాతే విస్తరించాలి.

చివరిగా

ఇది చదువుతున్న మనలో చాలామంది ఆ డబ్బుతోనే డిగ్రీ దాటాం. ఇంకొందరు ఆ డబ్బు రాక ఆగిపోయిన స్నేహితులను చూశాం. మనలో కొందరు రేపు సంక్షేమ శాఖలో, ట్రెజరీలో, జిల్లా కలెక్టరేట్‌లో కూర్చుంటాం. ఆ రోజు మన బల్ల మీదకు ఒక ఫైలు వస్తుంది. దాని మీద విద్యార్థుల సంఖ్య, మొత్తం, హెడ్ ఆఫ్ అకౌంట్ ఉంటాయి. సంతకం ఈ వారం పెట్టాలా, వచ్చే నెల పెట్టాలా అన్నదానికి నియమం ఏదీ ఉండకపోవచ్చు. చట్టం మారేవరకు ఆ తేదీని నిర్ణయించేది ఆ కుర్చీలో ఉన్న మనిషే. ఎక్కడో ఒక నాన్న రెండు రూపాయల వడ్డీకి సంతకం పెట్టాలా వద్దా అన్నది కూడా ఆ తేదీ మీదే ఆధారపడి ఉంటుంది.

సాధన ప్రశ్నలు

1. 'ప్రత్యక్ష నగదు బదిలీ లీకేజీని తగ్గించింది గానీ జాప్యాన్ని తగ్గించలేదు.' ఉన్నత విద్యలో ఉపకార వేతనాల ఆధారంగా చర్చించండి. (250 పదాలు, 15 మార్కులు)

2. సంక్షేమ చెల్లింపుల్లో జాప్యానికి చట్టబద్ధమైన పరిహారం ఉండాలా? సమాఖ్య ఆర్థిక సంబంధాల కోణంలో విశ్లేషించండి. (150 పదాలు, 10 మార్కులు)